నడుముకు కిందగా పట్టుకున్న బుట్ట

ఉద్యోగంలో కొత్తగా చేరిన నర్సు పిల్లలు ఎప్పుడైనా మా ఇంటికొస్తే, టీ తాగడం పూర్తవకముందే ఒక ప్రశ్న అడుగుతారు. "మేడమ్, మీ సర్వీసులో మర్చిపోలేని కేసు ఏదండి?" అని. పాముకాటు గురించో, పురుగుమందు తాగి చివరి నిమిషంలో బతికి బయటపడ్డ మనిషి గురించో చెబుతానని ఎదురుచూస్తుంటారు. అలాంటివి చాలానే చూశాను. అవన్నీ ఇప్పుడు ఒకదాంట్లో ఒకటి కలిసిపోయాయి. విడిగా గుర్తున్నది మాత్రం ఒక వైరు బుట్ట. ఆకుపచ్చ, తెలుపు వైర్లతో అల్లిన, మధ్యాహ్నం క్యారేజీ పెట్టుకెళ్ళే మామూలు బుట్ట. అది చెబితే నిరాశపడతారని ఇన్నాళ్ళూ ఎవరికీ చెప్పలేదు. రాస్తే ఇబ్బంది లేదు, నచ్చనివాళ్ళు మధ్యలో లేచిపోయినా నాకు తెలియదు.

నా సర్వీసు చివరి సంవత్సరాలు తిరువూరులో గడిచాయి. అప్పటికే మోకాళ్ళు అరిగిపోయాయి, ఓపిక కూడా వాటితోపాటే అరిగింది. పొద్దున్నే ఓపీ దగ్గర జనాన్ని చూస్తే వీళ్ళంతా నిన్న వచ్చినవాళ్ళేనేమో అనిపించేది. జ్వరాలు, బీపీలు, మామిడి చెట్టెక్కి పడి చెయ్యి విరగ్గొట్టుకున్నవాళ్ళు, అత్తమీద కోపంతో అన్నం మానేసి కళ్ళు తిరిగి పడిపోయిన కోడళ్ళు. తలెత్తి ఎవరి మొహమూ సరిగ్గా చూసే తీరిక ఉండేది కాదు. తీరిక ఉన్నా చూడాలనిపించేది కాదు, నిజం చెప్పాలంటే.

మా ఆసుపత్రిలో ఎవరూ రాసిపెట్టని గీత ఒకటి ఉండేది. మగ రోగికి మూత్రం పైపు వేయాల్సి వస్తే మేము వేయం, మా ఆర్డర్లీని పిలుస్తాం. అతను నాకంటే ముందు రిటైర్ కావాల్సినవాడు. కళ్ళజోడు తాడుకు కట్టుకుని మెడలో వేలాడేసుకుని, ఎప్పుడు పిలిచినా "వస్తన్నానమ్మా" అంటూ తాపీగా వచ్చేవాడు. పైపు వేసేటప్పుడు రోగిని ఈ ఏడు బంగినపల్లి కాపు ఎలా ఉందని అడిగేవాడు. ఆ మనిషి పూత బాగానే వచ్చింది గానీ పిందె నిలవలేదని చెప్పేలోపు పని అయిపోయేది.

ఆ రోజుల్లో డ్యూటీ డాక్టరు కొత్తగా చదువు పూర్తి చేసుకుని వచ్చిన అమ్మాయి. చురుకైన పిల్ల, ఓపిగ్గా అడిగేది. కానీ మగవాళ్ళు ఆమె ముందు కూర్చుంటే, బొడ్డు దగ్గర్నుంచి మోకాళ్ళ దాకా ఉన్నదంతా కడుపే అనేవాళ్ళు. ఎక్కడ నొప్పయ్యా అంటే కడుపులో. మంట ఎక్కడ అంటే కడుపులో. ఆమె కడుపుకే మందు రాసేది. వాళ్ళు ఆ మందు తీసుకుని, తగ్గలేదని ఊరంతా చెప్పేవాళ్ళు.

ఇక మూత్రంలో మంట అంటే మా ప్రాంతంలో ఒకటే అర్థం, వేడి చేసింది. ఎండలో తిరిగితే వేడి, మామిడిపండు తింటే వేడి, కోడికూర తింటే వేడి, నిద్ర చాలకపోతే వేడి. బార్లీ నీళ్ళు, సబ్జా గింజలు, పల్చటి మజ్జిగ, బొడ్డు చుట్టూ ఆముదం. ఇవన్నీ అయినా తగ్గకపోతే రెండో అనుమానం కిడ్నీల మీదికి పోతుంది. ఎ.కొండూరు వైపు ఊళ్ళలో కిడ్నీ జబ్బుతో మంచం పట్టినవాళ్ళ సంగతి తెలియని ఇల్లు ఈ చుట్టుపక్కల లేదు. వేడికీ కిడ్నీలకూ మధ్య ఒంట్లో ఇంకా చాలా ఉన్నాయని చెప్పడానికి నేను కొన్నేళ్ళు ప్రయత్నించాను. తర్వాత అలసిపోయి మానేశాను.

ఆ అమ్మాయి మొదటిసారి వచ్చినప్పుడు ఎండాకాలం అప్పుడే మొదలవుతోంది. పెళ్ళయి ఏడాది నిండలేదు. పుట్టిల్లు పెనుగొలను, కాపురం తిరువూరులో. ఇంట్లో మిషను కుట్టేది. భర్త తిరువూరు, విస్సన్నపేట మధ్య షేర్ ఆటో నడిపేవాడు. మూత్రంలో మంట, మాటిమాటికీ వెళ్ళాలనిపించడం, వెళ్ళినా పూర్తిగా రాకపోవడం, నడుం కింద నొప్పి, ఇవన్నీ పాఠం అప్పజెప్పినట్టు డాక్టరమ్మకు గడగడా చెప్పింది. డాక్టరమ్మ మూత్ర పరీక్ష చేయించింది. అందులో ఏమీ తేలలేదు. అయినా లక్షణాలను బట్టి, ఆడవాళ్ళకు మామూలుగా ఇచ్చే చిన్న కోర్సు మాత్రలు రాసి, నీళ్ళు బాగా తాగమని చెప్పి పంపింది.

కొన్ని వారాలకు మళ్ళీ వచ్చింది. అదే మంట, అదే పాఠం, అదే శుభ్రమైన రిపోర్టు, అవే మాత్రలు. ఇంకోసారి వచ్చేసరికి డాక్టరమ్మ తల పట్టుకుంది.

"మీ పరీక్షలన్నీ బాగున్నాయండి. మరి మంటెందుకు వస్తోంది?"

"మాత్రలు వేసుకుంటే తగ్గుద్దండి. మానేస్తే మళ్ళీ వస్తాది" అంది ఆ అమ్మాయి తల వంచుకుని.

ఆ రోజు నేను మంచినీళ్ళ కుళాయి దగ్గర సీసా నింపుకుంటున్నాను. గేటు పక్కన నీడలో ఒక ఆటో ఆగి ఉంది. ఆ అమ్మాయి ఫార్మసీ నుంచి నేరుగా ఆటో దగ్గరికి వెళ్ళి మాత్రలు డ్రైవరు చేతిలో పెట్టింది. ఆ కుర్రాడు ఒక మాత్ర నోట్లో వేసుకుని నీళ్ళు లేకుండానే మింగేశాడు. మింగి, హ్యాండిల్ మీద తల వాల్చాడు. ఆమె అటూ ఇటూ చూసి అతని వీపు మీద చెయ్యి వేసింది. నన్ను చూడగానే తీసేసింది.

నీళ్ళ సీసాతోనే వాళ్ళ దగ్గరికి వెళ్ళాను. "మంట ఎవరికమ్మా?"

"నాకే సిస్టర్."

"నీ మంటకు అతను మాత్రలు మింగుతున్నాడేంటి?"

ఆ కుర్రాడు తలెత్తాడు. నిండా పాతికేళ్ళుంటాయో లేదో. "సిస్టర్, కొంచెం మెల్లగా అనండి. స్టాండోళ్ళంతా అక్కడే ఉన్నారు" అన్నాడు.

అప్పుడు బయటపడింది సంగతంతా. జబ్బు అతనిది. లేడీ డాక్టరు ముందు చెప్పలేక పెళ్ళాన్ని పంపించాడు. ఆమె తన పేరుతో చీటీ రాయించుకుని, అతని బాధలన్నీ తనవిగా చెప్పి, పరీక్షకు తన మూత్రమే ఇచ్చి, మందులు అతనికి తెచ్చిపెడుతోంది. ఆ చిన్న కోర్సు ఆడవాళ్ళకు సరిపోయేది. మగవాడికి లోపల ప్రోస్టేటు అనే గ్రంథి ఒకటి ఉంటుంది, ఇన్‌ఫెక్షను అక్కడికి చేరితే అంత తేలిగ్గా పోదు, వారాల తరబడి మందు వాడాలి. మాత్ర వేసుకోగానే నాలుగు రోజులు తగ్గినట్టుంటుంది, మళ్ళీ తిరగబెడుతుంది. దానికి తోడు ఈ పిల్లవాడు పొద్దున ఆటో తీసినప్పటి నుంచి నీళ్ళు ముట్టేవాడు కాదు.

"ఆటో నిండా ఆడాళ్ళే ఉంటారండి. మధ్యలో ఆపి నేను పొలం గట్టు పక్కకి పోతే ఏమనుకుంటారు? అందుకని తాగను" అన్నాడు.

నాకు కోపమూ నవ్వూ రెండూ వచ్చాయి. డాక్టరమ్మతో నేను చెబుతాను, మా ఆర్డర్లీ పక్కన ఉంటాడు, భయపడకుండా రేపు రమ్మన్నాను. "తప్పకుండా వస్తానండి" అన్నాడు. మగవాళ్ళ 'రేపు' సంగతి ఆసుపత్రిలో పనిచేసేవాళ్ళకు నేను కొత్తగా చెప్పక్కర్లేదు.

అతను వచ్చింది మామిడికాయల సీజను మధ్యలో. తోటలకు కూలీలను దింపే ట్రిప్పులు ఎక్కువై, తన సంగతి తను మర్చిపోయాడు. తన ఆటోలోనే తీసుకొచ్చారు గానీ నడిపింది వేరే డ్రైవరు. పొద్దున్నుంచి మూత్రం చుక్క రాలేదు. చలిజ్వరంతో ఒళ్ళంతా వణుకుతోంది, పొత్తికడుపు రాయిలా ఉంది. ఆర్డర్లీ వచ్చి అలవాటు ప్రకారం "ఏం బాబూ, కాపెలా ఉంది?" అన్నాడు. కుర్రాడు ఆర్డర్లీ చెయ్యి గట్టిగా పట్టుకుని "బాబాయ్, నన్ను చంపెయ్యి బాబాయ్" అన్నాడు. ఆర్డర్లీ మామిడికాయల మాట వదిలేసి, అతని నుదురు తుడిచి, మెల్లగా పైపు వేశాడు.

బ్యాగు నిండుతుంటే ఆ అమ్మాయి మంచం పక్కన నేలమీద కూర్చుని చూస్తూనే ఉంది. "ఇంత ఎక్కడ దాచుకున్నాడు సిస్టర్?" అంది నాతో. కుర్రాడు అప్పటికే నిద్రపోయాడు.

డాక్టరమ్మ పరీక్ష చేసి, ప్రోస్టేటు బాగా వాచిందని, ఇక్కడ కుదరదని విజయవాడ పంపింది. అక్కడి పెద్ద డాక్టరు కూడా అదే చెప్పి, వాపు తగ్గేదాకా పైపు ఉంచాలని, మాత్రలు ఒక్క పూట కూడా మానకూడదని గట్టిగా చెప్పి పంపాడు. తిరిగొచ్చాక ఆ అమ్మాయి అడిగిన మొదటి మాట, "ప్రోస్టేటు ముసలోళ్ళకి కదా సిస్టర్ వచ్చేది?" ముసలివాళ్ళకు పెరుగుతుంది, నీ మొగుడికి వాచింది, రెండూ వేరు అని చెప్పాను. ఆమెకు అర్థమైంది. కుర్రాడు మాత్రం ముసలివాళ్ళ జబ్బు అన్న ముక్క ఒక్కటే పట్టుకుని కూర్చున్నాడు.

అక్కడి నుంచి మొదలైంది అసలు కష్టం. పైపు శుభ్రంగా ఉంచడం, బ్యాగు వంపడం, అదెప్పుడూ నడుముకు కిందగానే ఉండేలా చూడటం, ఇవన్నీ ఆమెకు నేర్పాను. పైకెత్తితే లోపలిది వెనక్కి పోతుంది, ఇన్‌ఫెక్షను మళ్ళీ మొదలవుతుంది. ఒకసారి చెప్తే చాలు, పట్టేసింది. కానీ ఆ కుర్రాణ్ణి గదిలోంచి బయటికి తేవడం ఆమె వల్ల కాలేదు. రోజూ కాస్త నడవమని డాక్టర్లు చెబితే, బ్యాగు వేలాడేసుకుని వీధిలో నడవనన్నాడు. తలుపు మూసుకుని ఫోను చూస్తూ పడుకునేవాడు. ఆటో ఇంటిముందు దుమ్ము పట్టింది. ఒకసారి పైపు తీసి చూశారు, మళ్ళీ మూత్రం ఆగింది, మళ్ళీ వేశారు. ఆ రోజు ఇంటికెళ్ళాక గోడవైపు తిరిగి పడుకుని "నువ్వు మీ ఊరెళ్ళిపో" అన్నాడట.

అది చెప్పడానికే ఆ అమ్మాయి నా దగ్గరికి వచ్చింది. వరండాలో బల్ల మీద కూర్చున్నాం.

"చాకిరీ కష్టం కాదు సిస్టర్. పైపు కడగటం, బ్యాగు వంపటం అలవాటైపోయింది. పొద్దున్నే లేచి ఆయన మొహం వంక చూసి, ఇవాళ మాట్లాడతాడా లేదా అనుకోవటం, అదే కష్టం. నాకూ కోపం వస్తాది. అరిచేద్దామనిపిస్తాది. అరిస్తే ఆయనేమైపోతాడోనని మిషను మీద కూర్చుంటా."

"మీ అమ్మకు చెప్పావా?"

"ఒట్టేయించుకున్నాడు. మావాళ్ళకి తెలిస్తే మా ఊళ్ళో తలెత్తుకోలేనంటాడు." టక్కున అంది, "ఇక్కడందరూ ఆయనకెలా ఉందని అడుగుతారు సిస్టర్. అడగాల్సిందే. నన్ను కూడా ఎవరన్నా నువ్వెలా ఉన్నావే అంటే బాగుండు అనిపిస్తాది."

అప్పటికే పొద్దున్నుంచి నిలబడి ఉన్నాను. క్యాంటీను నుంచి రెండు టీలు తెప్పించాను, ఇద్దరం మాట్లాడకుండా తాగాం. నర్సింగులో చేరే పిల్లలకు ఈ టీ గురించి ఎవరూ చెప్పరు. నా ఉద్యోగంలో సగం ఆ టీలతోనే గడిచింది.

తర్వాతి వారం వాళ్ళిద్దరూ నడుచుకుంటూ వచ్చారు. నమ్మలేక గుమ్మం దాకా వెళ్ళి చూశాను. కుర్రాడు లుంగీ కట్టుకున్నాడు. ఆమె అతని పక్కనే భుజం తగిలేంత దగ్గరగా నడుస్తూ, చేతిలో ఈ వైరు బుట్ట పట్టుకుంది. పైపు లుంగీ పక్కనుంచి బుట్టలోకి పోతోంది. బుట్టలో బ్యాగు, దాని మీద తువ్వాలు, తువ్వాలు మీద రెండు అరటిపళ్ళు. చూసినవాళ్ళెవరికైనా ఆసుపత్రిలో చుట్టాన్ని చూడటానికి క్యారేజీ తెస్తున్నట్టే ఉంటుంది.

"అరటిపళ్ళెందుకే?" అన్నాను.

"నమ్మాలి కదా సిస్టర్" అంది.

ఆ బుట్టతోనే విజయవాడ బస్సెక్కారు. పక్కన నిలబడ్డ ముసలావిడ, పాపం ఈ పిల్ల మోస్తోందని, "ఇటియ్యమ్మా, పైన పెడతా" అని బుట్ట లాగబోయింది. ఈమె రెండు చేతులా కిందికి అదిమిపట్టి "వద్దు మామ్మగారూ, పప్పుచారుంది, ఒలికిపోద్ది" అని అరిచిందట. తిరిగొచ్చి ఆ సంగతి చెబుతూ ఆమె ముందు చెప్పింది డాక్టరు మాట కాదు. "ఆయన నవ్వాడు సిస్టర్. బస్సులో అందరూ చూస్తుండగా నవ్వాడు" అంది.

ఈలోగా పెనుగొలనులో వేరే కథ నడుస్తోంది. అల్లుడి ఆటో కదలడం లేదు. కూతురు పండక్కి రాలేదు, బంధువుల పెళ్ళికి రాలేదు. ఫోను చేస్తే పొడిపొడిగా మాట్లాడుతోంది. తిరువూరులో ఎవరో చెప్పిన ముక్క అక్కడికి చేరేసరికి, అల్లుడు కాపురానికి పనికిరాడనే మాటగా మారింది. ఆమె తండ్రి మిర్చి, పత్తి వేసుకునే రైతు. మాట తక్కువ మనిషి. ఆయన బావమరిది, అంటే ఈ పిల్ల మేనమామ, ఆయన తరఫున కూడా కలిపి మాట్లాడే మనిషి. ఆదివారం ఇద్దరూ రావాలని, ఏదో ఒకటి తేల్చుకోవాలని కబురు పెట్టింది ఆ మేనమామే. తేల్చుకోవడం అంటే పిల్లను ఉంచేసుకోవడమని అందరికీ అర్థమైంది.

ఆ అమ్మాయి నన్ను రమ్మంది. రోగుల ఇళ్ళలో పంచాయితీలకు వెళ్ళకూడదని నేను చాలాకాలం కిందటే పెట్టుకున్న నియమం. పైగా ఆదివారం ప్రార్థన అయ్యాక కాళ్ళు చాపుకుని పడుకోవడం ఒక్కటే నాకు మిగిలిన సుఖం. "నేనొచ్చి చెప్తే వింటారా?" అన్నాను.

"వినకపోయినా పర్లేదు సిస్టర్. నా పక్కన కూర్చోండి చాలు" అంది.

ఆ మాటకు లొంగిపోయాను. కుర్రాడి ఆరోగ్యం సంగతి ఇక్కడే చెప్పేస్తాను, ఆదుర్దా పడకండి. ఆ తర్వాత కొంతకాలానికి పైపు తీసేశారు, ఈసారి మూత్రం ఆగలేదు. మాత్రలు చివరిదాకా వాడాడు. ఇప్పటికీ చలికాలంలో అప్పుడప్పుడు నొప్పి వస్తుంది గానీ ఆటో నడుపుతున్నాడు. విస్సన్నపేట దారిలో పెట్రోలు బంకు దగ్గర ఆపి, "ఐదు నిమిషాలండీ, నేను లోపలికెళ్ళొస్తా" అని ఆటో నిండా ఉన్న ఆడవాళ్ళకు గట్టిగా చెప్పి మరీ వెళ్తాడు. కానీ ఆ ఆదివారానికి ఇవేవీ తెలియవు. ఆ రోజు తేలాల్సింది ఆ పిల్ల తిరువూరు తిరిగి వస్తుందా, పెనుగొలనులో ఉండిపోతుందా అన్నది.

స్టాండులో అతని స్నేహితుడొకడు ఆటో నడిపాడు. ఆ పైపుతో ప్యాంటు వేసుకోవడం కుదరక లుంగీతోనే బయల్దేరాడు కుర్రాడు. అత్తగారి ఊరికి లుంగీ కట్టుకుని పోవడం ఎంత అమర్యాదో అతనికి తెలుసు. దారి పొడుగునా అంచు సర్దుకుంటూనే ఉన్నాడు. "చెప్పేద్దామండీ" అంది ఆమె ఒకసారి. అతను తల అడ్డంగా ఊపాడు.

ఆటో ఆగేసరికి తండ్రి గేటు దగ్గర నిలబడి ఉన్నాడు. పొడుగాటి మనిషి. అల్లుడి లుంగీ వంక ఒకసారి చూసి మొహం తిప్పుకున్నాడు. అయినా చెయ్యి మాత్రం ముందుకు చాపాడు, కూతురి చేతిలో బుట్ట కోసం. మా వైపు ఇంటికి ఎవరొచ్చినా ముందు చేతిలో సంచి అందుకుంటారు. తర్వాతే కాళ్ళకు నీళ్ళు, మంచినీళ్ళు, మాటలు. కోపం ఉన్నా సరే, ఆ చెయ్యి దానంతటదే ముందుకొస్తుంది. ఇవ్వకపోతే ఉండటానికి రాలేదని, మీకూ నాకూ ఏమీ లేదని మొహం మీద చెప్పినట్టే.

"వద్దు నాన్నా. నేను పట్టుకుంటా" అంటూ ఆమె బుట్టను మొగుడి పక్కకు జరుపుకుంది.

చాచిన చెయ్యి కాసేపు అలాగే ఉండిపోయింది. ఆయన లోపలికి నడిచాడు. కాళ్ళకు నీళ్ళు ఎవరూ ఇవ్వలేదు.

వసారాలో ప్లాస్టిక్ కుర్చీలు వేశారు. కుర్రాడు కూర్చున్నాడు. ఆమె అతని కాళ్ళ పక్కన ముక్కాలిపీట మీద కూర్చుని, బుట్ట నేలమీద పెట్టుకుంది. తల్లి గుమ్మంలో నిలబడింది. మేనమామ మొదలుపెట్టాడు. పిల్ల చిక్కిపోయిందన్నాడు, ఊళ్ళో మొహం చూపించలేకపోతున్నామన్నాడు, దాచిపెట్టి చేసిన పెళ్ళి అన్నాడు. నేను కల్పించుకుని జబ్బు గురించి చెప్పబోయాను. ఇన్నేళ్ళు చేసిన ఉద్యోగం కదా, బాగానే చెప్పగలనని నా ధీమా. గ్రంథి అన్నాను, వాపు అన్నాను, మూత్రనాళం అన్నాను. ఆడమనిషి నోట ఆ మాటలు వస్తుంటే మగవాళ్ళిద్దరూ పైకప్పు వంక చూడటం మొదలెట్టారు.

"అంటే కిడ్నీలా అమ్మా?" అన్నాడు మేనమామ.

"కాదండి. కిడ్నీలు బాగానే ఉన్నాయి."

"మరి కిడ్నీలు కాకపోతే ఇంకేంటి? అదే కదా మేమనేది?"

కిడ్నీ జబ్బు అని ఉంటే జాలిపడేవాళ్ళు. దాని పక్కనే ఇంకొకటి పాడైందంటే నవ్వుతారు, లేదా పిల్లను తీసుకెళ్ళిపోతారు. నేను ఇంకా ఏదో చెప్పాను. ఎంత చెబితే అంత అనుమానం పెరిగింది. నోరు మూసుకుంటే మేలనిపించి మూసుకున్నాను.

మేనమామ గొంతు పెంచాడు. "ఇదంతా కాదు. పుట్టింటికొచ్చిన పిల్ల కన్నతండ్రి చేతికి సంచియ్యలేదు. ఎవరు నేర్పారు దీనికి ఇలాంటి బుద్ధులు?"

అప్పటిదాకా ఒక్క మాట మాట్లాడని తండ్రి తలెత్తాడు. "నాకింకేమీ చెప్పొద్దు. ఆ సంచి నా చేతికెందుకియ్యలేదో అది చెప్పమ్మా" అన్నాడు కూతురితో.

ఆమె మొగుడి వంక చూసింది. ఒట్టు వేసింది కదా, నోరు విప్పలేదు. కళ్ళ నీళ్ళు కారిపోతున్నాయి, తుడుచుకోవడానికి కూడా బుట్ట మీద చెయ్యి తీయలేదు. నేనే చెప్పేద్దామని లేవబోయాను.

కుర్రాడు నాకంటే ముందు వంగాడు. బుట్టలోంచి అరటిపళ్ళు తీసి నేలమీద పెట్టాడు. తువ్వాలు తీశాడు. బ్యాగు, పైపు, పైపు తన లుంగీలోకి పోతున్న చోటు, అన్నీ కనబడ్డాయి.

"తనకి మర్యాద తెలియక కాదు మావయ్య గారూ. నేనే చెప్పొద్దన్నా, ఒట్టేయించుకున్నా. ఈ బుట్ట మీ చేతికిస్తే దీనెనకాల నేను కూడా రావాలండి. అందుకని ఇవ్వలేదు" అన్నాడు.

తల్లి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. మేనమామ గోడమీద క్యాలెండరులోకి చూస్తున్నాడు. తండ్రి మాత్రం ఆ బుట్టనే చూస్తూ ఉండిపోయాడు. కుర్రాడి చెంపల మీద నీళ్ళు కారుతున్నాయి గానీ తల దించుకోలేదు. నేను ఉద్యోగంలో ధైర్యవంతుల్ని కొందరిని చూశాను, అతన్ని కూడా వాళ్ళలో కలుపుకున్నాను.

"ఎప్పట్నుంచి మోస్తున్నావమ్మా?" అన్నాడు తండ్రి.

"మామిడికాయలప్పట్నుంచి నాన్నా."

"ఒక్కదానివేనా?"

ఆమె తల ఊపింది.

ఆయన కుర్చీ ముందుకు లాక్కుని, ఆమె తలమీద చెయ్యి పెట్టి, "నువ్వెలా ఉన్నావు తల్లీ?" అన్నాడు.

ఇన్నాళ్ళూ మిషను మీద కూర్చుని ఆపుకున్నదంతా ఆ పిల్ల ఆ వసారాలో ఏడ్చింది. గట్టిగా, చిన్నపిల్లలా ఏడ్చింది. నేనూ ఏడ్చాను, ఎందుకు దాచుకోవాలి. తల్లి లోపలికి వెళ్ళి చెంబుతో నీళ్ళు తెచ్చి, అల్లుడి కాళ్ళ దగ్గర పెట్టింది.

భోజనాలయ్యాయి. పిల్లను ఉంచేయమని గానీ పంపేయమని గానీ ఎవరూ అనలేదు, ఆ ప్రస్తావనే మళ్ళీ రాలేదు. ఎండ తగ్గాక మేము లేచాం. ఆమె తువ్వాలు కప్పి, అరటిపళ్ళు సర్ది, బుట్ట అందుకోబోతుంటే తండ్రి వచ్చి అడ్డంగా నిలబడ్డాడు. పొద్దున చాచిన చెయ్యే మళ్ళీ చాచాడు. ఆమె మొగుడి వంక చూసి, బుట్ట ఆయన చేతిలో పెట్టింది.

ఆయన నా వైపు తిరిగాడు. "ఎంత కిందగా పట్టుకోవాలమ్మా?"

"నడుముకు కిందగా ఉంటే చాలండి. పైకెత్తకూడదు."

అల్లుడి నడుం ఆయన నడుముకన్నా బాగా కింద ఉంది. అందుకని ఆ పొడుగాటి మనిషి సగం వంగి, అల్లుడి అడుగులో అడుగు కలుపుకుంటూ గేటు వైపు నడిచాడు. ఎదురింటి అరుగు మీదివాళ్ళు లేచి నిలబడి చూస్తున్నారు. ఆమె ఖాళీ చేతులతో వాళ్ళ వెనకాల నడుస్తోంది. ఆ చేతుల్ని ఏం చేయాలో తెలియనట్టు కొంగుతో తుడుచుకుంటోంది.

మేనమామకు మనసు ఆగలేదు. గబగబా వెళ్ళి "వంగలేకపోతున్నావు బావా, ఇటియ్యి, నేను పట్టుకుంటా" అన్నాడు.

"నువ్వొద్దులేరా. నువ్వు పైకెత్తేస్తావు" అన్నాడు ఆయన, నడక ఆపకుండానే.